ఓడిపోయే పార్టీకి ఒక ఓటు

ఉప ఎన్నిక ప్రకటన వెలువడగానే మన వాట్సాప్ గ్రూపుల్లో మొదట తిరిగే ప్రశ్న ‘ఈసారి ఎవరు గెలుస్తారు?’ అన్నదే. ఎవరికి వేయాలన్న ప్రశ్న ఆ తర్వాత వస్తుంది, చాలాసార్లు అసలు రాదు. కెనడాలోని అంటారియో ప్రావిన్స్‌లో ఓటు హక్కున్న తెలుగువారికి నేను చెప్పదలచుకున్నది ఒకటే. సాధారణ ఎన్నికలో ప్రభుత్వాన్ని ఎన్నుకుంటారు గనుక మీ లెక్కలు మీకుంటాయి. ఉప ఎన్నికలో మాత్రం ఎన్నికల పద్ధతినే మార్చమంటున్న చిన్న పార్టీకి, ఓడిపోతుందని తెలిసినా సరే, ఓటు వేయడంలో నష్టం లేదు, లాభమే ఉంది.

పద్ధతికి ఏమైందని అడిగేవారికి ఈ అంకెలు. 2022 అంటారియో ఎన్నికల్లో ఓటు వేసింది దాదాపు 44 శాతం మంది. ఆ ఓట్లలో 41 శాతం కూడా దాటని ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ పార్టీకి 124 స్థానాల్లో 83 దక్కాయి. 2025లో దాదాపు 30 శాతం ఓట్లు తెచ్చుకున్న లిబరల్స్‌కు 14 సీట్లొస్తే, 19 శాతం కూడా రాని న్యూ డెమోక్రటిక్ పార్టీ (ఎన్‌డీపీ) 27 సీట్లతో ప్రధాన ప్రతిపక్షమైంది. ఇందులో ఎవరి మోసమూ లేదు. ప్రతి రైడింగ్‌లోనూ, అంటే నియోజకవర్గంలోనూ, ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారే విజేత, మిగతా ఓట్లు ఎక్కడా లెక్కలోకి రావు. మనకిది కొత్త విషయమూ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 39 శాతం ఓట్లు వచ్చిన తెలుగుదేశానికి 175లో 23 సీట్లే దక్కాయి. 2024లో అదే 39 శాతం వైఎస్సార్ కాంగ్రెస్‌కు వస్తే సీట్లు 11. రెండుసార్లూ గెలిచినవారికి ఆ లెక్కలో ఏ లోపమూ కనిపించలేదు.

అందుకే పెద్ద పార్టీలను నమ్ముకుంటే ఈ పద్ధతి మారదు. 2006లో అంటారియో 103 మంది మామూలు పౌరులతో ఒక సభ ఏర్పాటు చేసింది. వాళ్లు నెలల తరబడి కూర్చుని, ఓట్ల శాతాన్ని బట్టి సీట్లిచ్చే దామాషా పద్ధతిని కొంత కలిపి కొత్త విధానం సూచించారు. 2007 అక్టోబరు 10న దాని మీద రిఫరెండం (ప్రజాభిప్రాయ సేకరణ) పెడితే ఒప్పుకున్నది 37 శాతం లోపే. అసలు చాలామందికి ఆ సూచన ఏమిటో కూడా చేరలేదు. 2015 కెనడా ఎన్నికలే పాత పద్ధతిలో చివరివన్న జస్టిన్ ట్రూడో, ప్రధాని అయ్యాక 2017 ఫిబ్రవరిలో ఆ మాటను పక్కన పెట్టారు. అంటారియోలోనే ఉన్న లండన్ నగరం 2018లో ఓటరు తన ఇష్టాలను వరుసగా రాసే పద్ధతిలో కౌన్సిల్‌ను ఎన్నుకుంది. 2020లో ప్రావిన్స్ ప్రభుత్వం చట్టం మార్చి, మున్సిపాలిటీలకు ఆ వీలే లేకుండా చేసింది.

ఇక ఆ చిన్న పార్టీ సంగతి. 2014లో అంటారియోలో ‘నన్ ఆఫ్ ది అబవ్’ పేరుతో ఒక పార్టీ నమోదైంది. నాయకుడు గ్రెగ్ వెజినా. పేరు వినగానే మనకు నోటా గుర్తుకొస్తుంది, ఉద్దేశమూ దగ్గరిదే. రిఫరెండం, ఎన్నికైనవారిని వెనక్కి పిలిచే రీకాల్, ప్రభుత్వం జవాబుదారీగా ఉండేలా మరికొన్ని చట్ట సవరణలు వారి కోరికలు. తమ సభ్యులకు పార్టీ విప్ ఉండదని, రైడింగ్ ప్రజలు చెప్పినట్టే ఓటు వేస్తారని వారి మాట. వచ్చే ఓట్లు మాత్రం స్వల్పం, ప్రావిన్స్ మొత్తంలో ఒక్క శాతమూ దాటలేదు.

ఆ పార్టీ ఎందుకు పుట్టిందో ఇక్కడి ఎన్నికల చట్టం చదివితే తెలుస్తుంది. అంటారియో బ్యాలెట్ మీద ‘పైవారెవరూ కాదు’ అన్న గడి లేదు. ఎవరూ నచ్చకపోతే ఓటును నిరాకరించవచ్చు. చేయవలసిందల్లా పోలింగ్ అధికారి దగ్గర బ్యాలెట్ తీసుకుని, నాకు వద్దని తిరిగి ఆయన చేతికే ఇవ్వడం. ఆయన దాని మీద నిరాకరించినట్టు రాసి విడిగా పెడతారు. పాఠశాల జిమ్‌లో, పిల్లల్ని అదే బడికి పంపే పొరుగువారు వరుసలో నిలబడి చూస్తుండగా ఇదంతా జరగాలి. అయినా 2014లో 30 వేల మంది దాకా ఆ పని చేశారు. భారతదేశంలోనూ 2013 దాకా ఇదే తంతు నడిచింది. 49-ఓ నిబంధన కింద ఓటరు ప్రిసైడింగ్ అధికారికి చెప్పి, రిజిస్టరులో రాయించుకుని వెళ్లాలి. రహస్య ఓటు అన్న హక్కుకు ఇది విరుద్ధమని పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2013 సెప్టెంబరు 27న తీర్పిచ్చాకే యంత్రం మీద నోటా మీట వచ్చింది. ప్రజాస్వామ్యంలో కెనడా మనకు పాఠాలు చెప్పాలనుకునేవారు ఈ ఒక్క విషయంలో వరుస మార్చుకోవాలి.

నోటాకు పళ్లు లేవన్నది వేరే సంగతి. అరకు లోక్‌సభ స్థానంలో 2019లోనూ 2024లోనూ 45 వేలకు పైగా నోటా ఓట్లు పడ్డాయి, ఫలితం మాత్రం అభ్యర్థుల ఓట్లతోనే తేలింది. బ్యాలెట్ మీద గడి లేకపోతే జనం ఎంత దూరం పోతారో కూడా ఇక్కడ చూశాం. 2016 విట్‌బీ-ఓషావా ఉప ఎన్నికలో ఒక అభ్యర్థి చట్టబద్ధంగా ‘అబవ్ జ్నన్‌ఆఫ్‌ది’గా పేరు మార్చుకున్నారు. అక్షర క్రమంలో జాబితా అడుగున, ఇంటిపేరు ముందుగా కనిపించి, ‘నన్ ఆఫ్ ది అబవ్’ అన్నట్టు చదవాలన్నది ఎత్తు. నవ్వు రాకుండా చదవలేం, నవ్వాక ఆలోచించకుండానూ ఉండలేం.

ఆ పార్టీ చెప్పేదంతా నాకు నచ్చిందనుకోకండి. రీకాల్ విషయంలో నాకు అనుమానాలున్నాయి. బ్రిటిష్ కొలంబియాలో ఆ చట్టం 1995 నుంచి ఉంది. నియోజకవర్గ ఓటర్లలో 40 శాతానికి మించి సంతకాలు 60 రోజుల్లో కూడగట్టాలి. ఇన్నేళ్లలో ఎవరినీ ఆ దారిలో దించలేకపోయారు. 1998లో పాల్ రైట్స్‌మా ఒక్కరు, సంతకాల లెక్క పూర్తికాక ముందే రాజీనామా చేశారు. ఇంకా సులభం చేస్తే, ప్రతి ఓడిన పార్టీ మర్నాటి నుంచే సంతకాల పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరుగుతుంది. మన ఊళ్ల సంగతి తెలిసినవారికి ఇది వివరించనక్కరలేదు. అయితే ఉప ఎన్నికలో నేను ఆ పార్టీకి అధికారం ఇవ్వడం లేదు. నిబంధనల గురించి ఒక ప్రశ్న వేయిస్తున్నాను.

ఉప ఎన్నికకే ఈ పని ఎందుకు తగినదంటే, ఒక్క సీటుతో ప్రభుత్వం దాదాపు ఎప్పుడూ మారదు. తక్కువ మంది ఓటు వేస్తారు గనుక కొన్ని వందల ఓట్లయినా కంటికి ఆనుతాయి. 2023 నవంబరులో కిచెనర్ సెంటర్ ఉప ఎన్నికలో గ్రీన్ పార్టీ గెలిచి, శాసనసభలో తన రెండో సీటు సంపాదించుకుంది. అభ్యర్థిగా నిలబడటం కష్టం కాదు, 25 మంది ఓటర్ల సంతకాలు చాలు. ఆ తర్వాతే అసలు ఇబ్బంది. పార్టీలకు ఓటుకు ఇంతని ప్రావిన్స్ ఇచ్చే సొమ్ము అందాలంటే మొత్తం ఓట్లలో 2 శాతమో, పోటీచేసిన రైడింగ్‌లలో 5 శాతమో రావాలి. అంతవరకు కరపత్రం కూడా చేతి డబ్బులే.

ఇక్కడ లోక్‌సత్తా గుర్తు చేయాలి. 2006లో జయప్రకాశ్ నారాయణ్ పార్టీ పెట్టినప్పుడు విదేశాల్లో ఉన్న మనవాళ్లు విరాళాలు పంపారు, ఇళ్లకు ఫోన్లు చేసి ఈల గుర్తుకు వేయమని బతిమాలారు. 2009లో దక్కింది ఒక్క కూకట్‌పల్లి. అయినా అభ్యర్థులు నేర చరిత్ర, ఆస్తులు ప్రకటించాలన్న 2003 సుప్రీంకోర్టు తీర్పు వెనుక ఉన్న పిటిషనర్లలో, అప్పటికింకా పార్టీ కాని లోక్‌సత్తా ఒకటి. ఈ రోజు ఏ పార్టీ అభ్యర్థి అయినా ఆ అఫిడవిట్ వేయవలసిందే. ఆనాడు ఫోన్లు చేసినవాళ్లే ఈనాడు ఇక్కడ ‘గెలవనివాడికి వేసి ఏం లాభం?’ అంటుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. వాళ్ల వాదన నాకు తెలియనిది కాదు. గుడికి పార్కింగ్ అనుమతులు, వృద్ధుల కేంద్రానికి నిధులు, ఇవన్నీ గెలిచినవారి చేతిలో ఉంటాయి. కానీ ఆ పనులు అడగడానికి ఓటు చూపించనక్కరలేదు, ఎన్నికైన ఎంపీపీ (ప్రావిన్స్ శాసనసభ్యులు) ఎవరైనా చేయాలి.

ఒక ఉగాది సభలో చూశాను. రెండు పెద్ద పార్టీల అభ్యర్థులు వేదిక మీద శాలువాలు కప్పించుకుని, నోరు తిరగని ‘నమస్కారం’ చెప్పి, పులిహోర తిని వెళ్లిపోయారు. అదే రైడింగ్‌లో నిలబడిన ఒక చిన్న పార్టీ అభ్యర్థి హాలు గుమ్మం దగ్గర చెప్పుల స్టాండ్ పక్కన కరపత్రాలు పంచుతూ కనిపించింది. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు. దామాషా పద్ధతి గురించి ఆమె నాతో పది నిమిషాలు మాట్లాడింది, నా ప్రశ్నలకు జవాబు తెలియనిచోట తెలియదనే చెప్పింది. వేదిక మీదివారిని ప్రశ్న అడిగే వీలే లేకపోయింది.

మన సంఘాలు తరచూ అభ్యర్థులతో ముఖాముఖి పెడతాయి. ఇకముందు ఉప ఎన్నిక ఏ రైడింగ్‌లో వచ్చినా, బ్యాలెట్ మీద పేరున్న ప్రతి ఒక్కరినీ పిలవాలని కార్యవర్గానికి నా విన్నపం. అందరికీ సమానంగా సమయం ఇవ్వండి, ‘ఓటును రహస్యంగా నిరాకరించే గడి పెట్టడానికి మీరు ఒప్పుకుంటారా?’ అన్న ప్రశ్న అందరినీ అడగండి. శాలువాలు అయితే అందరికీ కప్పండి, లేదా ఎవరికీ వద్దు.