తడవని తువ్వాలుతో ఒక లేఖ

మహారాజశ్రీ ఫోర్డైస్ స్నానశాల గారి సముఖానికి,

నమస్కారం. శనివారం మధ్యాహ్నం చంకలో తువ్వాలు, చేతిలో సున్నిపిండి డబ్బాతో మీ గుమ్మంలో నిలబడ్డావిడ మా అమ్మ. "అత్తయ్యా, వేణ్ణీళ్ల బుగ్గలో స్నానం చేయిస్తా" అని మా బావ అన్న పాపానికి డాలస్ నుంచి ఆర్కన్సాలోని హాట్ స్ప్రింగ్స్ ఊరి దాకా దాదాపు ఐదు గంటలు కారులో మోకాళ్లు ముడుచుకుని వచ్చింది. తమరు 1962లోనే స్నానాలు ఆపేశారని, 1989 నుంచి మ్యూజియంలా ఉన్నారని ఆ మహానుభావుడు చూసుకోలేదు. టికెట్టూ లేదాయె, డబ్బులు పోయాయని ఏడుద్దామన్నా!

సరే, వచ్చాం కదా అని తిరిగాం. మగవాళ్ల స్నానాల హాలు కళ్లు తిరిగేలా ఉంది. పైకప్పంతా రంగుటద్దాలు, కింద నడిమధ్యన డిసోటో అనే స్పెయిన్ అన్వేషకుడు దొరగారికి ఆదివాసీ పిల్ల నీళ్లందిస్తున్న విగ్రహం. అటు ఆడవాళ్ల వైపు వెళ్తే, అమ్మ గుమ్మంలోనే ఆగి "ఇంతేనా?" అంది. అంతేనమ్మా. 1915లో 2 లక్షల డాలర్లకు పైగా పోసి కట్టారట కదండీ, నేలమాళిగలో బౌలింగ్‌కి చోటు దొరికింది, పైన జిమ్‌కి దొరికింది, పియానోకి కూడా దొరికింది, ఆడవాళ్ల తొట్ల దగ్గరకొచ్చేసరికే స్థలం అయిపోయిందా? విగ్రహం అక్కర్లేదు, కూర్చుని ఊపిరి పీల్చుకునేందుకు ఇంకాస్త జాగా ఇస్తే మీ సొమ్మేం పోయేది?

ఈ ఊళ్లో సిఫిలిస్ అనే సుఖవ్యాధికి మందని పాదరసం పూసుకున్న రోజుల గురించి నేనేమీ అనను.

కానీ ఒకటి మాత్రం మింగుడుపడలేదు. రోజంతా నీ తొట్ల పక్కన నిలబడి దొరల ఒళ్లు రుద్దింది నల్లజాతి పనివాళ్లు. వాళ్లు అదే తొట్లో దిగడానికి మాత్రం వీల్లేదు. వాళ్ల చేతులు కావాలి, ఒళ్లు మాత్రం పనికిరాదు. సిగ్గు లేదూ నీకు? ఇంత తళతళా తుడుచుకుని కూర్చున్నావు!

బయట వీధి పక్కన బుగ్గ నీళ్లు పట్టుకునే కుళాయి ఉంది, అదొక్కటే దయ. ఆ నీళ్లు సుమారు 4,400 ఏళ్ల కింద కురిసిన వాన అట. అమ్మ రెండు క్యాన్లు నింపించింది. రాత్రి హోటల్‌లో బాత్‌టబ్ అంచున కూర్చుని, డిక్కీలోంచి తెప్పించిన మగ్గుతో మోకాళ్ల మీద పోసుకుంటూ, "ఇంకా వెచ్చగానే ఉన్నాయే" అంది. బావ తలుపు బయట నిలబడి రెండో క్యాను మూత తిప్పుతున్నాడు.

ఇట్లు,
సున్నిపిండి డబ్బా మళ్లీ సర్దుకున్న
ఒక కూతురు