తాతకు పదికి రెండు మార్కులు

డిసెంబర్ 23 జాతీయ రైతు దినోత్సవం. మాజీ ప్రధాని చరణ్ సింగ్ జయంతి. 1979లో ప్రధాని కుర్చీ ఎక్కి, లోక్‌సభ ముఖం చూసే యోగం లేకుండానే రాజీనామా చేసిన పెద్దమనిషి ఆయన. ఐకేపీ కొనుగోలు కేంద్రం దాకా వడ్లు తోలుకుపోయి, కాంటా వంతు రాక కుప్ప మీదనే పండుకునే రైతుకు ఇంతకంటే దగ్గరి చుట్టం ఎవరుంటారు? ఆ తారీఖును ఎంపిక చేసినవాళ్లకు దండం పెట్టాలి.

ఈ పర్వదినాన నల్లగొండలో మా బిడ్డ నాలుగో తరగతి చదివే బడివాళ్లు ఒక మహత్కార్యం తలపెట్టారు. అన్నం ఎక్కడి నుంచి వస్తుందో పిల్లలకు నేర్పాలని. మనస్ఫూర్తిగా సమర్థించాను. ఎందుకంటే మిగతా 364 రోజులు బడిలో సేద్యం అనేది ఒక శిక్ష పేరు. ఎక్కం తప్పితే "బర్లు కాస్తవా?", చేతిరాత వంకర పోతే "పోయి నాగలి పట్టు". పీనల్ కోడ్ పోయి న్యాయ సంహిత వచ్చింది కానీ ఈ సెక్షన్ మాత్రం ఏ సవరణకూ లొంగలేదు. నేను కూడా ఆ బెదిరింపు మీదనే డిగ్రీ దాకా వచ్చాను. బర్లు కాయాల్సి వస్తుందని భయపడి చదివినవాణ్ని, ఇప్పుడు ఆఫీసులో ఏం కాస్తున్నానో మాత్రం చెప్పను.

ముందుగా వేషాల పోటీ. ధోవతి, తలపాగా, పచ్చ కండువా, ప్లాస్టిక్ కొడవలి, కాటుకతో మీసం. కిరాయి 250 రూపాయలు. నా బిడ్డ అద్దంలో చూసుకొని, "డాడీ, తాత ఇట్లెందుకు ఉండడు?" అనడిగింది. నిజమే. మా నాయన పొలానికి పోయేది ట్రాక్ ప్యాంటు మీద. పైన ఒక విత్తనాల కంపెనీ ఊరికే ఇచ్చిన టీషర్టు, దాని వీపు మీద అర మూర పత్తికాయ బొమ్మ. ఆ వేషంలో పోటీకి పోతే కన్సొలేషన్ బహుమతి కూడా రాదు.

తర్వాత ప్రాక్టికల్స్. మిర్యాలగూడ దిక్కు కంపసాగర్‌లో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, వరి మీద పని చేసే శాస్త్రవేత్తలు ఉన్నారు. అక్కడ ఈత కొలను లేనందువల్ల కాబోలు, బస్సులు హైదరాబాద్ రోడ్డు మీది ఒక ఫామ్ రిసార్టుకు పోయాయి. మనిషికి 600. దారి పొడుగూతా ఒకప్పటి పొలాలే, ఇప్పుడు హద్దురాళ్లు నాటిన ప్లాట్లు. వాటికి 'గ్రీన్', 'ఫార్మ్' అని పేర్లు కూడా పెట్టారు. చనిపోయిన పెద్దమనిషి పేరు ఊరికి పెట్టినట్టు. రిసార్టులో పది అడుగుల మడి. బురద ఎక్కడిదో తెచ్చి పోసింది. పిల్లలు తలా నాలుగు నారు కర్రలు నాటి, ఫొటో దిగి, షవర్ కింద కాళ్లు కడుక్కున్నారు. వాళ్లు బస్సు ఎక్కీ ఎక్కకముందే అక్కడి పనాయన ఆ నారంతా పీకి కట్ట కట్టి పక్కన పెట్టాడు. తర్వాతి బడి బస్సు గేటులోకి వచ్చింది మరి. ఆ పొద్దు ఒకే నారును మూడు బడులు నాటాయట. సంగతి విని మా నాయన గాభరాపడ్డాడు: "మూడుసార్లు పీకితే బతుకుతదారా అది?"

మా కాలంలో ఫీజు లేని ప్రాక్టికల్స్ ఉండేవి. పని అనుభవం పీరియడ్ అనేవారు. ఆ పీరియడ్‌లో మా సారు మమ్మల్ని వరుసగా నిలబెట్టి తన పల్లిచేనుకు తోలుకుపోయేవాడు. కలుపు మేము తీసేవాళ్లం, అనుభవం ఆయనకు మిగిలేది. గాంధీజీ 1937లో వార్ధాలో చేతిపని ద్వారానే చదువు చెప్పాలన్నారు. ఎవరి చేలో అనేది స్పష్టంగా చెప్పకపోవడం వల్ల ఈ చిక్కు వచ్చింది.

అసలు సిసలు ప్రాక్టికల్స్ చూడాలంటే ఇంకా దక్షిణానికి పోవాలి. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డ, గద్వాల సీమ. అక్కడ హైబ్రిడ్ పత్తి విత్తనం పండిస్తారు. సాయంత్రం పూట, రేపు విచ్చుకోబోయే మొగ్గను వెతికి, గోటితో గిల్లి, లోపలి మగ భాగాన్ని ఊడదీయాలి. తెల్లారి మగచెట్టు పువ్వు తెచ్చి దానికి అద్దాలి. చెట్టు చెట్టుకు, మొగ్గ మొగ్గకు, వారాల తరబడి. దాన్ని క్రాసింగ్ అంటారు. ఇంటర్ బోటనీలో 'విపుంసీకరణ' అని బట్టీ పట్టించే ముక్క ఇదే. నడిగడ్డలో పదేళ్లు, పన్నెండేళ్ల ఆడపిల్లలు ఆ మాట నోరు తిరగకుండానే కొన్ని వేల పూలకు చేసి చూపించారు. చిన్న వేళ్లయితే మొగ్గ చితకదట. చిన్న వేళ్లకు కూలీ కూడా చిన్నదే కాబట్టి ఈ శాస్త్రీయ సత్యాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. విత్తనం ఎక్కడి నుంచి వస్తుందో ఆ పిల్లలకు తెలిసినంతగా ఏ ఇంటర్నేషనల్ బడి పిల్లలకూ తెలియదు. చిన్న లోపం ఒకటే. ఆ నెలల్లో వాళ్ల బడి హాజరు పట్టీలో 'ఆ' అని పడింది. ఆనందం అనుకునేరు, ఆబ్సెంట్.

ఇక అసలు సంగతి. సెలవుల్లోకి ప్రాజెక్టు పని ఇచ్చారు: 'మీ ఇంటి రైతుతో ముఖాముఖి'. పది ప్రశ్నలు, పది మార్కులు. మా ఇంటి రైతు నిడమనూరు దిక్కు సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి కరిగట దున్నించే పనిలో ఉన్నాడు. ట్రాక్టర్ దొరకక దొరకక ఆ పొద్దే దొరికింది. అందుకని ముఖాముఖి కాస్తా ఫోనులో జరిగింది. స్పీకర్‌లో తాత, తాత వెనక ట్రాక్టర్.

"తాతా, రైతు అనగా ఎవరు?"

"పాసుబుక్కుల పేరున్నోడు బిడ్డా."

ఎర్ర సిరాతో కొట్టివేత. బడివాళ్ల జవాబుల కీ ప్రకారం పొలం దున్ని పంట పండించేవాడు రైతు. ఇదే జవాబు ఏ ఆఫీసు కిటికీ ముందైనా చెప్పి చూడండి, మార్కులు ఎవరికి పోతాయో తెలుస్తుంది. మా నాయన చేసేది ఐదెకరాలు. రెండు మావి, మూడు కౌలు. ఆ మూడెకరాల అసలు 'రైతు' హైదరాబాద్‌లో ఉంటాడు. గెట్టు ఏ దిక్కున్నదో ఆయనకు తెలియదు. ఎకరానికి 6000 లెక్కన సర్కారు రైతు భరోసా ఎప్పుడు పడిందో మాత్రం మా నాయన కంటే ముందు తెలుస్తుంది, పడేది ఆయన ఖాతాలోనే కాబట్టి.

"వరి పండడానికి ఏమేమి కావాలి?"

"ఆధార్ కార్డు, పాసుబుక్కు, బ్యాంకు బుక్కు, ఓటీపీ వచ్చే ఫోను."

"నీళ్లు, గాలి, ఎండ వద్దా తాతా?"

"ఎండ ఎందుకు లేదు? యూరియా లైన్ల మస్తుగుంటది."

2025 వానకాలంలో ఆ లైన్లు చూడనివాళ్లు లేరు. మనిషి నిలబడలేక చెప్పులు నిలబెట్టాడు. ఒక జత చెప్పులు, దాని వెనక ఇంకో జత, మధ్యలో రాయి కింద పాసుబుక్కు జిరాక్సు. కిరణజన్య సంయోగక్రియలో చెప్పుల పాత్ర గురించి నాలుగో తరగతి పరిసరాల విజ్ఞానంలో ఒక పాఠం చేర్చాలని విద్యాశాఖకు నా విన్నపం.

రైతు మిత్రుడెవరు అన్నదానికి కీలో వానపాము ఉంది. తాత చెప్పింది ఫర్టిలైజర్ దుకాణం శేటు. అడిగిన రాత్రి ఉద్దెర ఇచ్చేది ఆయనే, కోత రోజు కల్లం కాడ కనబడేదీ ఆయనే. "మరి వానపాము ఏదీ?" అంటే, "ఉండె బిడ్డా, నేను నీయంత ఉన్నప్పుడు" అన్నాడు. అదీ తప్పే. ఆరోగ్యానికి మేలు చేసే తిండి పేరు రాయమంటే 'గట్క' అని రాయించాడు. కీలో 'మిల్లెట్స్' అని ఉంది. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ వచ్చి సాగర్ కాలువలకు నీళ్లు వదలకముందు మా ఊళ్లో తిన్నది జొన్నగట్కే, వరన్నం పండుగ పూట. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల ఏడాదిగా ప్రకటించినప్పటి నుంచి గట్కకు పేదరికం నుంచి డైటింగ్‌కు ప్రమోషన్ వచ్చింది. ఆర్డరు కాపీ మా నాయనకు ఇంకా అందలేదు.

అన్నిటికంటే పెద్ద ఇంటూ గుర్తు పడింది ఐదో ప్రశ్నకు. బియ్యం ఎక్కడి నుంచి వస్తాయి?

"కంట్రోల్ దుకాణం నుంచి."

అంటే రేషన్ షాపు. ఈ జవాబు పక్కన టీచరమ్మ రెండు ప్రశ్నార్థకాలు కూడా పెట్టింది. ఆమెను అనడానికి లేదు. ఆమెది దేవరకొండ దిక్కు ఊరు, వాళ్ల నాయనది పత్తిచేను. కానీ కీలో ఏది ఉంటే అదే దిద్దాలి, కీ వచ్చేది పైనుంచి. ఆమెకు నేను సవినయంగా వివరించదలచుకున్నది ఇది. మా ఇంట్లో గుమ్మి ఉండేది. తిండిగింజలు అందులో పోసుకొని, నెలకో బస్తా గిర్నీకి పట్టించుకునేవాళ్లం. ఇప్పుడు హార్వెస్టర్ నోట్లోంచి వడ్లు నేరుగా ట్రాక్టర్ డబ్బాలో పడతాయి. సన్నాలైతే పచ్చివే మిర్యాలగూడ మిల్లుకు పోతాయి. ఆగగలిగితే ఐకేపీ కేంద్రానికి పోతాయి. ఊరి గిర్నీలో ఇప్పుడు పట్టేది కారంపొడి. గుమ్మి పోయింది, దాని జాగాలో ఫ్రిజ్ ఉంది. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టిన సన్నబియ్యం పథకం కింద మనిషికి ఆరు కిలోలు వస్తున్నాయి. అంటే ఎడమ కాలువ నీళ్లకు పండిన గింజ మిల్లు చూసి, గోదాము చూసి, లారీ ఎక్కి, మా నాయన వేలిముద్ర వేస్తే సంచిలో ఇంటికొస్తుంది. తన బియ్యం తనకు రావడానికి వేలిముద్ర వేసే మనిషి ఇంతకంటే నిజం ఏం చెబుతాడు?

ఆ కేంద్రం కాడ జరిగే చదువు గురించి కూడా ఒక మాట. అరచేతంత మిషన్ ఉంటుంది. కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు వడ్లు పిడికెడు తీసి, అందులో పోసి మూత బిగిస్తారు. చుట్టూ ఉన్నవాళ్లంతా మాట బంద్ చేస్తారు. అంకె పడుతుంది. 17 లోపైతే తేమ సరిపోయినట్టు. 17.6 పడిందనుకోండి, మళ్లీ ఆరబోయాలి. పొద్దంతా కాళ్లతో గీతలు గీసి తిరగేస్తే సాయంత్రానికి 16.8 అవుతుంది, కానీ అప్పటికి మిషన్ పట్టుకునేటాయన ఇంటికి పోతాడు. రాత్రి మంచు పడి తెల్లారి 17.9. మా నాయన దశాంశాలు నేర్చుకున్నది ఇక్కడే, అరవై ఏళ్లు దాటినంక. మా బిడ్డకు ఇంకా రాలేదు. తర్వాత తరుగు పాఠం. బస్తా అంటే 40 కిలోలని పుస్తకం లెక్క. సంచి బరువని కొంత, తాలు ఉందని కొంత, మిల్లాయన ఒప్పుకోడని ఇంకొంత కలిపితే కల్లం లెక్క. 2025-26లో 'ఎ' గ్రేడు వడ్లకు క్వింటాలుకు 2389, సన్నాలకు బోనస్ 500 అని ఫ్లెక్సీ మీద ఉన్న మొత్తంలోంచి ఈ తరుగును తీసివేయడం వస్తే మా బిడ్డ ఏ పోటీ పరీక్షలోనైనా గట్టెక్కుతుంది.

పదిలో రెండే కరెక్టయ్యాయి. ఒకటి: రైతు దేశానికి ఏమిటి?

"ఎన్నుపూస బిడ్డా. మొన్ననే ఫొటో తీసి అరిగిందన్నడు డాక్టరు."

మా బిడ్డ మొదటి మాట ఒక్కటే రాసింది. మార్కు పడింది.

రెండోది: నాగలికి కట్టే జంతువు ఏది? ఈ ప్రశ్నకు మా నాయన వెంటనే పలకలేదు. ఫోనులో ట్రాక్టర్ చప్పుడే వినబడింది కాసేపు. మా ఇంట్లో చివరి ఎడ్ల జత నేను డిగ్రీలో చేరిన ఏడు నా హాస్టల్ ఫీజు కింద సంతకు పోయింది. ఆ తర్వాత నాగలి కొట్టం చూర్లో చెక్కి ఉండేది, కొట్టం పడ్డప్పుడు అదీ పొయ్యిలోకి పోయింది. మా బిడ్డ ఎద్దును దగ్గర నుంచి చూసింది గంగిరెద్దులాయన వచ్చినప్పుడే.

"ఎద్దు అని రాయి బిడ్డా," అన్నాడు చివరికి. "మీ సారు గదే అడుగుతడు."

మొత్తం పేపరులో ఉన్నది ఉన్నట్టు చెప్పనిది ఆ ఒక్క జవాబే. దానికి మాత్రం టిక్కు పక్కన 'గుడ్' అని కూడా రాసి ఇచ్చారు.

పేపరు కింద తల్లిదండ్రుల సంతకానికి గీత ఉంది. నేను పెన్ను తీస్తే మా బిడ్డ గుంజుకుంది. "చెప్పింది తాత కదా, తాతే పెట్టాలె." సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు చేతికిచ్చింది. నాయన వాకిట్లో మంచం మీద కూచొని, కండ్లద్దాలు తుడిచి పెట్టుకొని, ఎర్ర సిరా రాసిన కాడల్లా వేలు పెట్టి చదివాడు. వానపాము కాడ ఒకసారి నవ్వాడు. సంతకం చేసి, పేపరు తిరిగి ఇయ్యబోయి, పైన గుండ్రంగా చుట్టిన అంకెను మళ్లీ చూశాడు.

"ఈ రెండు, తరుగు తీసినంకనా బిడ్డా, తియ్యకముందా?"