వద్దని చెప్పని కోచ్‌లు, ఖర్చు పెట్టుకునే అమ్మానాన్నలు

“మీ అమ్మాయి ఆటను మా కోచింగ్ స్టాఫ్ ఆసక్తిగా గమనిస్తోంది” అని ఏ యూనివర్సిటీ నుంచైనా మెయిల్ వస్తే వెంటనే స్వీట్లు పంచేయకండి. కిందికి స్క్రోల్ చేయండి. వేసవి క్యాంప్ తేదీలు, ఫీజు, టీషర్ట్ సైజు అడిగే ఫారం కనిపిస్తాయి. ఆ మెయిల్ వెళ్లింది ఒక పెద్ద లిస్టుకి. ఆ లిస్టులో మీ అమ్మాయి పేరు కూడా ఉంది, అంతే.

ఇక్కడ డాలస్ చుట్టుపక్కల మన తెలుగు ఇళ్లలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ పిచ్చి ఈ రెండేళ్లలో బాగా పెరిగింది. 2024లో సౌత్ కరోలినా, అయోవా ఆడిన ఆడపిల్లల కాలేజీ ఫైనల్‌ని అమెరికాలో కోటీ ఎనభై లక్షల మందికి పైగా చూశారు. మగపిల్లల ఫైనల్‌కి కూడా అంతమంది లేరు, అలా జరగడం అదే మొదటిసారి. 2025లో కాలేజీ స్టార్ పేజ్ బెకర్స్‌ని ఇక్కడి ప్రొఫెషనల్ టీమ్ డాలస్ వింగ్స్ తీసుకున్నాక ఆర్లింగ్టన్‌లో మ్యాచ్‌లకి మనవాళ్లూ పిల్లల్ని వెంటబెట్టుకుని బయల్దేరుతున్నారు. సంతోషం. మా పెద్దమ్మాయి కూడా ఆడుతుంది, ఇప్పుడు పదకొండో తరగతి. ఆట మీద నాకే కోపం లేదు. కోపమంతా హైస్కూల్ పిల్లల్ని కాలేజీలు ఎంచుకునే పద్ధతి మీద. ఇంకా సూటిగా చెప్పాలంటే, అందులో ఎవరూ ఎవరికీ ‘వద్దు’ అని చెప్పకపోవడం మీద.

ముందు రూల్ సంగతి. ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌లో పదకొండో తరగతి సెప్టెంబరు 1 వచ్చేదాకా డివిజన్ వన్ (అన్నిటికంటే పై స్థాయి) కాలేజీ కోచ్ పిల్లకి ఫోన్ చేయకూడదు, టీమ్‌లోకి రమ్మనే రిక్రూటింగ్ మెయిల్ పెట్టకూడదు. కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ పెట్టిన మంచి రూలే, పిల్లల్ని చిన్నప్పుడే పీక్కుతినకుండా. కానీ క్యాంప్ కరపత్రాలకీ, వివరాలు నింపే ప్రశ్నావళికీ ఆ అడ్డు లేదు, ఏ వయసు పిల్లకైనా పంపొచ్చు. అందుకే ఏడో తరగతి పిల్ల ఇన్‌బాక్స్‌లో కూడా పెద్ద పెద్ద యూనివర్సిటీల లోగోలు మెరుస్తుంటాయి. చాలాచోట్ల ఆ క్యాంప్ డబ్బు అసిస్టెంట్ కోచ్‌లకి జీతం పైన వచ్చే రాబడి. మనకి అందులో ఆసక్తి కనపడుతుంది, వాళ్లకి అందులో ఫీజు కనపడుతుంది. క్యాంపులన్నీ దండగ అనను. పిల్ల ఆడిన ఫలానా మ్యాచ్ పేరు చెప్పి, అసిస్టెంట్ కోచ్ తన సొంత నంబర్ నుంచి పిలిస్తే అది పిలుపే. హెడ్ కోచ్ స్వయంగా ఫోన్ చేస్తే ఇంకా మాట్లాడేదేముంది.

ఇక జూలై. కోచ్‌లు బయటికొచ్చి, స్కూలు టీమ్‌తో కాకుండా ప్రైవేటు క్లబ్‌ల తరఫున పిల్లలు ఆడే ఆటలు చూడటానికి ఎన్‌సీఏఏ అనుమతించే రోజులు ఏడాదిలో కొన్నే. అందులో ముఖ్యమైనవి జూలైలోనే వస్తాయి. కన్వెన్షన్ సెంటర్‌లో పక్కపక్కనే వరసగా కోర్టులు వేస్తారు. ఒక కోర్టులో విజిల్ మోగితే పక్క కోర్టు పిల్లలు ఆగిపోతారు. బేస్‌లైన్ వెనక మడత కుర్చీలు, వాటిలో లోగో చొక్కాలు వేసుకున్న కోచ్‌లు. ఒడిలో జెర్సీ నంబర్లు, పేర్లు, క్లబ్ కోచ్ ఫోన్ నంబర్లు ఉన్న ప్యాకెట్. అది కూడా కాలేజీలు డబ్బు పెట్టి కొనుక్కునేదే. అమ్మానాన్నలం మణికట్టుకి టికెట్ బ్యాండ్ కట్టుకుని అవతలి పక్క నిలబడతాం. ఆ రోజుల్లో కోచ్ చూడొచ్చు గానీ పిల్లతో మాట్లాడకూడదు. కాబట్టి మాకు మిగిలింది వాళ్ల మొహాలు చదవడం. ఆ నీలం చొక్కా ఆవిడ పెన్ను తీసింది, మన పిల్ల షాట్ వేసినప్పుడేనా? కాదు, ఎదుటి టీమ్ పోస్ట్ ప్లేయర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగు పిల్ల) గురించి రాసుకుంటోంది. ఐదు నిమిషాలకి లేచి మూడో కోర్టుకి వెళ్లిపోయింది. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు, ప్రొడక్షన్ పడిపోయినా నిమ్మళంగా ఉండే మనిషి. ఆయనకి అక్కడ వచ్చినంత టెన్షన్ నేనెప్పుడూ చూడలేదు.

విమానం టికెట్లు, హోటల్, క్లబ్ ఫీజు, గేటు టికెట్ అన్నీ మనవే. చాలా టోర్నమెంట్లలో వాళ్లు చెప్పిన హోటల్లోనే దిగాలి కూడా. పైగా ఈ ఖర్చు అందరికీ సమానం కాదు. నైకీ, అడిడాస్, అండర్ ఆర్మర్ స్పాన్సర్ చేసే పెద్ద సర్క్యూట్ల మొదటి టీమ్‌లో స్టార్ పిల్లలకి దాదాపు అన్నీ ఉచితం. అదే క్లబ్ పేరుతో రెండో టీమ్, మూడో టీమ్ ఉంటాయి, వాళ్లు పూర్తి ఫీజు కడతారు. మన దగ్గర టెన్త్ ఫలితాలు రాగానే కార్పొరేట్ కాలేజీ పీఆర్వోలు ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని టాపర్‌కి సీటు ఫ్రీ అంటారు చూడండి, ఆ టాపర్ ఫొటో హోర్డింగ్ ఖర్చు పూర్తి ఫీజు కట్టే మధ్య మార్కులవాళ్ల మీద పడుతుంది. ఇదీ అదే లెక్క. మాకు క్రెడిట్ కార్డులైనా ఉన్నాయి. డాలస్‌కి దక్షిణాన డిసోటో, డంకన్‌విల్ వైపు మా పిల్ల కంటే ఎంతో బాగా ఆడే అమ్మాయిలున్నారు. వాళ్లలో కొందరి అమ్మలు షిఫ్ట్ వదులుకుంటే ఆ రోజు కూలి పోతుంది. స్పాన్సర్ కంట్లో పడకపోతే ఆ పిల్ల జూలైలో కోచ్‌లకి కనిపించదు. ఈ విషయంలో నా గొడవ కంటే వాళ్ల గొడవ పెద్దది.

ఇప్పుడు అసలు విషయం. కోచ్‌లు ‘వద్దు’ అని ఎందుకు చెప్పరు? చెప్పనవసరం లేదు కాబట్టి. ప్రతి ప్రోగ్రామ్ దగ్గరా ఒక బోర్డు ఉంటుంది, పొజిషన్‌కి ఇన్ని పేర్లని. మొదటి పేరు ఇంకో కాలేజీకి మాట ఇస్తే రెండో పేరు, అదీ పోతే మూడోది. ఎనిమిదో పేరు మీ అమ్మాయిదైతే ఆమెని పూర్తిగా వదులుకోరు, గట్టిగా పట్టుకోరు. పుట్టినరోజుకి మెసేజ్, గెలిస్తే చప్పట్ల ఎమోజీ. ఇంకో కారణం కూడా ఉంది. ఇవాళ తీసుకోని పిల్ల రెండేళ్లకి ఇంకో కాలేజీలో మెరిసి, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్లోకి రావచ్చు. అప్పుడు తలుపు తట్టాలంటే ఇప్పుడు మొహం చెడగొట్టుకోకూడదు కదా. వాళ్ల వైపు నుంచి చూస్తే తెలివైన పనే. ఇటువైపు ఆ చప్పట్ల ఎమోజీని నమ్ముకుని ఇంకో టోర్నమెంట్‌కి డబ్బు కట్టే అమ్మ ఉంటుంది.

‘ఆఫర్’ అన్న మాటా అంతే. పిల్లలు ట్విటర్లో “దేవుడి దయవల్ల ఆఫర్ వచ్చింది” అని పెడతారు. అది నోటిమాట. పన్నెండో తరగతి ముందు ఆగస్టు 1 దాకా కాగితం మీద ఏమీ ఇవ్వరు, సంతకాలు నవంబర్లో. ఈలోపు ఆ మాట నుంచి ఎవరైనా తప్పుకోవచ్చు. ఫలానా కాలేజీలోనే చేరతానని పిల్ల సంతకం పెట్టే, 1964 నుంచీ ఉన్న నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ని కూడా 2024 అక్టోబరులో ఎత్తేశారు. ఇప్పుడున్నది స్కాలర్‌షిప్ ఒప్పందం మాత్రమే. అనుభవం ఉన్న తల్లిదండ్రులు నేర్పిన ప్రశ్న ఒకటుంది: “ఇప్పుడు, ఈ ఫోన్లోనే సరే అంటే సీటు ఇస్తారా?” అవతల కాస్త గొంతు సవరించుకుంటే అది ఆఫర్ కాదు.

పోర్టల్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే హైస్కూల్ పిల్లల కాళ్ల కింద నేల కదిలింది అక్కడే. 1990 సెప్టెంబరులో టెనెసీ కోచ్ ప్యాట్ సమ్మిట్ నిండు గర్భిణిగా ఉండి, పెన్సిల్వేనియాలో మిషెల్ మార్సినియాక్ అనే హైస్కూల్ అమ్మాయి ఇంటికి వెళ్లింది. ఆ ప్రయాణంలోనే నొప్పులు మొదలయ్యాయి. విమానం ఎక్కింది. దారిలో వర్జీనియాలో దిగుదామంటే ససేమిరా అంది. ఆ ఏడాదే టెనెసీ టీమ్ వర్జీనియా యూనివర్సిటీ చేతిలో ఓడిపోయింది మరి! టెనెసీలోని నాక్స్‌విల్ చేరాకే కొడుకుని కంది. ఒక పదిహేడేళ్ల పిల్ల కోసం ఎంత తపన పడేవాళ్లో చూడండి. తమాషా ఏమిటంటే ఆ అమ్మాయి ముందు నోటర్‌డేమ్‌లో చేరింది. ఏడాది తర్వాత టెనెసీకి మారి, అప్పటి రూల్ ప్రకారం ఒక సీజన్ ఆడకుండా కూర్చుంది. 1996లో టైటిల్ గెలిచిన టీమ్‌లో ఫైనల్ ఫోర్ ఉత్తమ క్రీడాకారిణి ఆమే.

ఇప్పుడు ఆ కూర్చోవడం లేదు. 2021లో ఒకసారి మారితే ఫర్వాలేదన్నారు, 2024 నుంచి చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లైనా మారొచ్చు. ఏటా వెయ్యి మందికి పైగా డివిజన్ వన్ అమ్మాయిలు పోర్టల్లోకి వస్తున్నారు. ఏంజెల్ రీస్ మేరీలాండ్ నుంచి ఎల్‌ఎస్‌యూకి వచ్చి మొదటి ఏడాదే, 2023లో, టైటిల్ కొట్టింది. హేలీ వాన్ లిత్ లూయివిల్, ఎల్‌ఎస్‌యూ, టీసీయూ అని మూడు చోట్ల ఆడింది. 2022 హైస్కూల్ ర్యాంకుల్లో మొదటి స్థానంలో ఉన్న లారెన్ బెట్స్ స్టాన్‌ఫర్డ్‌లో ఒక్క ఏడాది ఉండి యూసీఎల్‌ఏకి వెళ్లిపోయింది. అమ్మాయిలు మారడం తప్పని నేననను, కోచ్‌లు మారగా లేనిది పిల్లలు మారితే తప్పా? కానీ కోచ్ లెక్క ఆలోచించండి. కాలేజీలో రెండేళ్లు ఆడిన వీడియో ఉన్న ఇరవై ఏళ్ల అమ్మాయి ఒకవైపు, ఇంకా తీర్చిదిద్దాల్సిన పదిహేడేళ్ల పిల్ల ఒకవైపు. తీరా తీర్చిదిద్దాక ఆ పిల్ల వేరేచోటికి వెళ్లిపోవచ్చు కూడా. పై ర్యాంకుల పిల్లలకి ఇప్పటికీ క్యూ కడతారు, జుజు వాట్కిన్స్ లాంటి వాళ్లకేం లోటు. నష్టపోయేది మధ్యలో ఉన్నవాళ్లు. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ, హౌస్ సెటిల్‌మెంట్‌లో చేరిన కాలేజీల్లో టీమ్ మొత్తం పదిహేను మందికి మించకూడదు. స్కాలర్‌షిప్ లేకపోయినా టీమ్‌లో కూర్చుని నేర్చుకుందామనుకునే వాకాన్ పిల్లకి అక్కడా చోటు తగ్గింది. అదే సెటిల్‌మెంట్ ప్రకారం కాలేజీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బు పంచొచ్చు. అందులో ఎక్కువ వాటా ఫుట్‌బాల్ ఎత్తుకుపోతుంది, ఆడపిల్లల దాకా వచ్చేసరికి గిన్నె అడుగు కనపడుతుంది.

హైస్కూల్లో ఆడే అమ్మాయిల్లో ఎన్‌సీఏఏ కాలేజీ టీమ్‌ల దాకా వెళ్లేది నూటికి నలుగురైదుగురు. డివిజన్ వన్‌కైతే ఒకరు, ఒకరూ పావు. ఈ లెక్క ఏ క్యాంప్ మెయిల్లోనూ ఉండదు. నన్ను అడిగితే ఎన్‌సీఏఏ ఒక్క రూల్ పెట్టాలి: క్యాంప్‌కి పిలిచే ప్రతి మెయిల్ కిందా, గత మూడేళ్లలో ఈ క్యాంప్‌కి వచ్చినవాళ్లలో ఎంతమందిని టీమ్‌లోకి తీసుకున్నారో సిగరెట్ పెట్టె మీద హెచ్చరికలా రాయాలి.

మనవాళ్లకి ప్రత్యేకంగా ఇంకో మెలిక. పిల్ల హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చేది) మీద ఉంటే స్కాలర్‌షిప్ తీసుకోవడానికి అడ్డు లేదు. కానీ ఎన్‌ఐఎల్ అంటున్నారే, పేరు, ఫొటో వాడుకునే ప్రకటనల డబ్బు, అది పని కిందికి వస్తే హెచ్4 పిల్లలు చేయకూడదు. ఇరవై ఒకటి నిండాక ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారినా అక్కడా గట్టి షరతులున్నాయి. గ్రీన్‌కార్డ్ లైన్లో ఏళ్లకేళ్లు నిలబడ్డ ఇంట్లో ఒక షూ కంపెనీ చెక్కు కోసం స్టేటస్ పోగొట్టుకోవడం కంటే పిచ్చి పని లేదు. కోచ్‌లకి ఇది తెలియదు, చెప్పరు. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా సంతకం పెట్టొద్దు.

“ఇవన్నీ మనకెందుకమ్మా, ఎస్‌ఏటీ చదివించు” అని ఊరి నుంచి మా పెద్దమ్మ ఫోన్లో అంటుంది. ఎందుకంటే ఆ పిల్లకి ఆట ఇష్టం కనుక. బెంగళూరు సంజనా రమేష్ నార్తర్న్ అరిజోనాలో ఆడింది, పంజాబ్ నుంచి హర్సిమ్రన్ కౌర్ శాన్ డియేగో యూనివర్సిటీకి వచ్చింది. మన పిల్లలు చేయలేని పనేం కాదు. పైగా డివిజన్ వన్ స్కాలర్‌షిప్ ఒక్కటే దారి కాదు. డివిజన్ త్రీలోనూ, ఐవీ లీగ్‌లోనూ ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు, కానీ కోచ్ అడ్మిషన్ ఆఫీసుకి చెప్పే మాటకి విలువ ఉంది. ఆ మాటకి ఎంత విలువంటే, 2019లో డబ్బున్నవాళ్లు ఆడని పిల్లల్ని ఆటగాళ్లుగా చూపించి సీట్లు కొని అరెస్టయ్యారు. మార్కులున్న మన పిల్లలకి ఆ దారి నిజాయతీగానే తెరిచి ఉంది. అక్కడి కోచ్‌లు ట్రాన్స్క్రిప్ట్ చూసి తొందరగానే అవునో కాదో చెప్తారు, అదొక సుఖం.

ఈ మధ్య మా అమ్మాయే ఒక అసిస్టెంట్ కోచ్‌కి సూటిగా రాసింది: మీ బోర్డు మీద నా పొజిషన్లో నేను ఎన్నోదాన్ని, మా బ్యాచ్‌లో ఎంతమంది గార్డ్‌లని (బంతి నడిపించే ఆటగాళ్లని) తీసుకుంటున్నారు, పోర్టల్ నుంచి ఎందరిని? ఆవిడ మర్నాడే జవాబిచ్చింది. మీ బ్యాచ్‌లో గార్డ్‌ని తీసుకోవట్లేదు, పోర్టల్లో చూస్తున్నాం, నిన్ను అనవసరంగా తిప్పడం నాకిష్టం లేదు అని. పిల్ల ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు, నిజమే. కానీ ఇన్నాళ్లలో మాకు ఇంత గౌరవం ఇచ్చిన కోచ్ ఆవిడే.

ఫ్రిస్కో, ప్లేనో వైపు తొమ్మిదో తరగతి ఆడపిల్లలున్నవాళ్లు ఎవరైనా వచ్చే జూలైకి డబ్బు కట్టేముందు నాకు మెసేజ్ చేయండి. పిల్ల రాసిన ఆ మెయిల్ పంపిస్తాను, పేర్లు మార్చుకుని వాడుకోండి. ఆ కాలేజీ రోస్టర్ (టీమ్ సభ్యుల జాబితా) పేజీ కూడా తెరిచి, ఎంతమంది హైస్కూల్ నుంచి నేరుగా వచ్చారో, ఎంతమంది వేరే కాలేజీ నుంచి వచ్చారో లెక్కపెట్టండి. పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.