నేర్పే ఖర్చు ఎవరిది?

కనుమ నాడు గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను, అంటే వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన చట్రాలను, భుజాలకెత్తుకుని కౌశిక కాలువ నీళ్లలోకి దిగే కుర్రాళ్లను చూసినవారెవరూ గోదావరి డెల్టాలో ఉత్సవానికి డబ్బు కరవంటే నమ్మరు. వెదురు, తాళ్లు, బాణసంచా, మోతగాళ్ల భోజనాలు అన్నీ ఊరి చందాలతోనే గడిచిపోతాయి. 2023 గణతంత్ర దినోత్సవాన కర్తవ్యపథ్‌లో రాష్ట్ర శకటంగా నడిచిన ప్రభల తీర్థం తరాలుగా నిలిచింది ఈ చందాల మీదే. భీమవరంలో మావుళ్లమ్మ ఉత్సవాల బరువును నీరుల్లి, కూరగాయ, పండ్ల వర్తకులు ఏటా మోస్తున్నారు. సంక్రాంతితో మొదలై వారాల తరబడి సాగే నాటకాలు, హరికథలు, బుర్రకథలు ఆ చలవే. అందుకే పంచాయతీలు, పురపాలక సంఘాలు కళలకు గ్రాంటు ఇవ్వాలన్న మాట వచ్చినప్పుడు ‘ఏం, జాతర ఆగిందా?’ అని ఎవరైనా అడిగితే తేలిగ్గా కొట్టిపారేయలేము.

జాతర ఆగలేదు. ఆగిపోతున్నది నేర్పడం. చందా వేసే రైతుకైనా వర్తకుడికైనా ఆ రాత్రి ఆట కనిపిస్తుంది గాని, దాని వెనుక ఏళ్ల సాధన కనిపించదు. అమ్మవారి ఘటమైన గరగను తలకెత్తుకున్నవాడు చేయి ఆనించకుండా, మెడ కదలకుండా, డప్పు దరువు మారిన ప్రతిసారీ అడుగు మార్చాలి. కాకినాడ దగ్గరి మాధవపట్నంలో తోలుబొమ్మ తయారు కావాలంటే మేక చర్మాన్ని నానబెట్టి, వెంట్రుకలు తీసి, వెలుతురు సోకేటంత పలచగా గీకి, ఆరబెట్టి, సన్నని ఉలితో నగల చిల్లులు కొట్టి, ఇరువైపులా రంగులద్దాలి. అది బొమ్మ సంగతి మాత్రమే. ఆడించేవాడు చేతులతో పుల్లలు తిప్పుతూ, గొంతుతో పద్యం అందుకుంటూ, కాలితో చెక్కను తొక్కి యుద్ధపు చప్పుడు పుట్టించాలి. ఇదంతా నేర్చుకోవడానికి పట్టే కాలంలో కుర్రవాడు రొయ్యల చెరువు కాపలాకు వెళితే అంతో ఇంతో చేతికొస్తుంది. గురువు ఇంట కూర్చుంటే ఏమీ రాదు. తండ్రి దగ్గర కొడుకు ఉచితంగా నేర్చుకున్న రోజుల్లో ఈ లెక్క ఎవరికీ పట్టలేదు. కొడుకులు హైదరాబాదుకో గల్ఫుకో తరలిపోయాక లెక్క బయటపడింది.

ఈ ఖర్చును భరించినవారు లేకపోలేదు. కపిలేశ్వరపురంలో సర్వారాయ హరికథా పాఠశాల గురుకుల పద్ధతిలో ఆడపిల్లలకు హరికథ నేర్పింది. ఒకప్పుడు మగవారి సొత్తుగా చలామణీ అయిన కథాగానంలో చిరతలు పట్టి నిలబడే హరిదాసినులు ఎందరో అక్కడి నుంచి వచ్చారు. అయితే అది ఒక జమీందారీ కుటుంబం ఔదార్యం. ఔదార్యం ఉన్న ఊరికి విద్య దక్కింది, మిగతా ఊళ్ల మాటేమిటి?

మిగతా ఊళ్లకు రాజ్యాంగమే దారి చూపింది. 73వ సవరణతో చేరిన పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. 20వది గ్రంథాలయాలు, 21వది సాంస్కృతిక కార్యకలాపాలు. పురపాలక సంఘాలకు పన్నెండో షెడ్యూలు అదే మాట చెబుతోంది. డ్రైనేజీ పొంగుతుంటే డప్పుకు డబ్బులా అనే అభ్యంతరం న్యాయమైనదే. కాని తాగునీటికి, పారిశుధ్యానికి వేరే పద్దు ఉంది. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ గ్రాంటులో 60 శాతాన్ని ఆ రెంటికే ముడిపెట్టి, 40 శాతాన్ని జీతాలకు తప్ప స్థానిక అవసరాలకు వాడుకోమంది. అదిగాక సంత వేలం, చెరువుల లీజు వంటి సొంత ఆదాయం ఉంది. అందులోంచి నూటికి రూపాయి తీసినా ఏ కాలువ పూడికా ఆగదు.

కళల కోసం ప్రత్యేక సెస్సు కావాలనే సూచన కొందరి నుంచి వినిపిస్తోంది. దాన్ని మేము సమర్థించడం లేదు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయవలసిన స్థానిక సంస్థలు, ఆ బకాయిలను ఏళ్ల తరబడి ఎలా నాన్చుతున్నాయో తెలియని జిల్లా లేదు. మరో సెస్సు వేస్తే దానికీ అదే గతి పడుతుంది. బడ్జెట్‌లో ఒక పద్దు, ఆ పద్దు ఎదుట ఒక అంకె చాలు.

ఎలా ఇస్తారన్నదే అసలు చిక్కు. కళకు సాయం అనగానే మన కార్యాలయాలకు తోచేది శాలువా, జ్ఞాపిక, ఫొటో. అంతకు మించి దరఖాస్తు పెట్టుకున్న బృందాన్ని సంఘం రిజిస్ట్రేషన్, మూడేళ్ల ఆడిట్, వినియోగ ధ్రువపత్రం అడుగుతారు. నలుగురు అన్నదమ్ములు, ఇద్దరు బావమరుదులు కలిసి ఆడే గరగల మేళానికి ఆడిట్ ఎక్కడిది? ఒకవేళ మంజూరైనా బిల్లు పాసయ్యేసరికి మరో జాతర వచ్చేస్తుంది. డప్పు కళాకారులకు పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలైంది. పెద్దలకు అది పెద్ద ఆసరా, అభినందించవలసిందే. దానితో ఒక కుర్రవాడు డప్పు పట్టడం నేర్చుకోడు.

గ్రాంటు ఇలా ఉండాలి: ఒక గురువు, ఇద్దరో ముగ్గురో శిష్యులు, ఒక ఏడాది. గురువుకు నెలనెలా భృతి, శిష్యులకు దారి ఖర్చులకు, కాస్త చేతి ఖర్చుకు సరిపడా మొత్తం. సగం ముందే ఇవ్వాలి. దరఖాస్తు ఒక్క పేజీ, తెలుగులో. ఏడాది చివర ఊరి జాతరలో శిష్యుడు గజ్జె కడితే అదే వినియోగ ధ్రువపత్రం. చిన్న పంచాయతీలు మండల స్థాయిలో కలిసి ఒక గురువును పెట్టుకోవచ్చు. పట్టణాల్లో పగటిపూట ఖాళీగా ఉండే పురపాలక సభామందిరాలను అద్దె లేకుండా ఇస్తే డబ్బు కూడా అక్కర లేకపోవచ్చు. సర్పంచిగారి మేనల్లుడే గురువైపోతాడన్న భయం అబద్ధమేమీ కాదు. అందుకే ఎంపికైన పేర్లూ, ఇచ్చిన మొత్తాలూ గ్రామసభలో చదివి వినిపించి, పంచాయతీ గోడ మీద రాయించాలి.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్ల దగ్గర వేదికలు వెలుస్తాయి, టెండర్లు పిలుస్తారు, ఎక్కడి నుంచో ఆర్కెస్ట్రాలు దిగుతాయి. ఆ పన్నెండు రోజులు గరగలు, వీరనాట్యం, తోలుబొమ్మలు కూడా కావాలనుకుంటే ఆటగాళ్లను అప్పటికప్పుడు పుట్టించలేము. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల కోసం ఏటా అక్టోబరు 2 నుంచి మొదలయ్యే గ్రామసభల్లో కార్యదర్శి అంశాల జాబితా చదివేటప్పుడు, ఇరవై ఒకటో అంశం దగ్గర ఆపి మన ఊళ్లో నేర్పగలిగినవారు ఎవరెవరు మిగిలారని ఒకరు లేచి అడగాలి. ఆ పేర్లు మినిట్స్ పుస్తకంలో ఎక్కిన తరువాతే ఎంత ఇవ్వాలన్న చర్చ.