డబ్బు కోసం ఆడటం ఎప్పటి నుంచి తప్పయింది?

ఐపీఎల్ వేలం జరిగిన ప్రతిసారీ, ఒకప్పుడు ఆటగాళ్లు ఆట మీది ప్రేమతో ఆడేవారనీ, డబ్బు వచ్చి ఆటను చెడగొట్టిందనీ వాపోయే పోస్టులు వరుస కడతాయి. ఆ ‘ఒకప్పుడు’ ఎప్పుడో, అలా ప్రేమతో ఆడినవారి ఇంటి ఖర్చులు ఎవరు భరించారో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ వాదన కొత్తదేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో, ఇంగ్లండ్ నూలు మిల్లుల నీడన ఆధునిక క్రీడ రూపు దిద్దుకుంటున్నప్పుడు, కూలి పోతుందన్న బెంగ లేనివారు చేసిన వాదన ఇది.

మిల్లులకు ముందు కూడా ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ ఉంది. కాకపోతే పండుగనాడు ఊరికి ఊరే వీధుల్లో పడి ఆడేది. ఇంతమంది అనీ, ఇంతసేపు అనీ లెక్క ఉండేది కాదు. 1835 నాటి రహదారుల చట్టం దారి మీద బంతి ఆడితే జరిమానా అంది. పొద్దు పొడిచింది మొదలు రాత్రి దాకా సైరన్ల మధ్య నలిగే మిల్లు కార్మికుడికి ఆడుకునే తీరికా పోయింది, చోటూ పోయింది. ఆ తీరికలో కొంత తిరిగి దక్కింది కార్మికులు ఏళ్ల తరబడి పనిగంటల తగ్గింపు కోసం పోరాడినందువల్లే. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం ప్రకారం వస్త్ర మిల్లుల్లో స్త్రీలకూ, పిల్లలకూ శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు పని ఆపాలి. వాళ్లు వెళ్లిపోతే యంత్రాలు నడవవు కనుక చాలాచోట్ల మగవాళ్లకూ సెలవు దొరికింది. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ శనివారం మూడు గంటలకు మొదలవడమనే ఆనవాయితీకి మూలం ఈ పూట సెలవులోనే ఉంది.

పరిశ్రమ ఇచ్చినది సమయం ఒక్కటే కాదు. ఊరూరా ఒక్కో నిబంధనతో ఆడే జట్లను రైలు ఒకచోటికి చేర్చాక అందరికీ ఒకే నిబంధనలు కావలసివచ్చాయి. మైదానంలోని పచ్చికకు కూడా మిల్లుతో బంధుత్వం ఉందంటే నవ్వొస్తుంది గానీ, 1830లో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రాన్ని తయారుచేసింది ఉన్ని బట్టల మీది నూగును కత్తిరించే యంత్రాన్ని చూసే.

1883 మార్చి 31న లండన్‌లోని ఓవల్ మైదానంలో జరిగిన ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం పెట్టిన పోటీ) ఫైనల్‌ను చూడండి. ఒకవైపు ఓల్డ్ ఈటోనియన్స్, అంటే పెద్దింటి పిల్లలు చదివే ఈటన్ పాఠశాల పూర్వవిద్యార్థులు. రెండోవైపు ఉత్తరాది నూలు మిల్లుల సీమ లాంకషైర్ నుంచి వచ్చిన బ్లాక్‌బర్న్ ఒలింపిక్. అందులో నేతపనివారున్నారు, నూలు వడికేవారున్నారు, కెప్టెన్ వార్‌బర్టన్ ప్లంబరు. ఇనుప పోత కార్ఖానా యజమాని ఒకరు డబ్బు పెట్టడంతో వాళ్లు ఫైనల్‌కు ముందు కొన్ని రోజులు బ్లాక్‌పూల్ సముద్రతీరంలో ఉండి సాధన చేశారు. దానికే పెద్దలు ముఖం చిట్లించారు: ఆట కోసం పని మాని తయారవడమేమిటని! అదనపు సమయంలో కాస్ట్‌లీ అనే నూలు కార్మికుడు కొట్టిన గోల్‌తో ఒలింపిక్ 2–1 తేడాతో గెలిచింది. ఆ తర్వాత మరే అమెచ్యూర్ జట్టూ, అంటే డబ్బు తీసుకోకుండా ఆడేవారి జట్టూ, ఆ కప్పు గెలవలేదు. పనివాళ్లకు సాధన చేసే వీలు ఒక్కటి దొరికితే ఏమవుతుందో తేలిపోయింది.

1885లో ఆటగాళ్లకు జీతమివ్వడాన్ని ఫుట్‌బాల్ సంఘం ఒప్పుకోక తప్పలేదు. జీతం వారం వారం ఇవ్వాలంటే టికెట్ డబ్బు కూడా వారం వారం రావాలి. కప్పు పోటీలో ఒకసారి ఓడితే ఇంటికే. అందుకే ఏ రోజు ఎవరితో ఎవరు ఆడాలో ముందే ఖాయం చేసే ఫుట్‌బాల్ లీగ్ 1888లో పుట్టింది. దాన్ని ప్రతిపాదించిన విలియం మెక్‌గ్రెగర్ బట్టల వ్యాపారి. మొదటి 12 జట్లూ లాంకషైర్, మధ్య ఇంగ్లండ్ పారిశ్రామిక పట్టణాలవే. లండన్ నుంచి ఒక్కటీ లేదు. ఈనాడు ప్రపంచమంతా అనుసరించే లీగ్ పద్ధతి జీతాల బిల్లు చెల్లించే అవసరంలోంచి వచ్చింది.

మరి ‘ప్రేమతో ఆడటం’ అనే ఆదర్శం ఏం చేసింది? ఇంగ్లండ్‌లోని హెన్లీ పడవ పందేల నిర్వాహకులు 1879లో రాసుకున్న నిర్వచనం ప్రకారం కూలికి పనిచేసే మెకానిక్, చేతిపనివాడు, శ్రామికుడు అమెచ్యూర్ కాడు. అతను ఆటకు పైసా తీసుకోకపోయినా సరే! 1936లో ఒలింపిక్స్‌కు వెళ్తున్న ఆస్ట్రేలియా జట్టును, సభ్యులు పోలీసులన్న కారణంతో హెన్లీలో పోటీ చేయనివ్వలేదు. ప్రేమకు కొలత చేతి కాయలన్నమాట.

రగ్బీ కథ ఇంకా కటువైనది. ఉత్తరాది గని కార్మికులూ మిల్లు కార్మికులూ జీతం అడగలేదు. మ్యాచ్ కోసం పని మానినప్పుడు పోయిన కూలి మాత్రం ఇప్పించమన్నారు. రగ్బీ సంఘం కుదరదంది. కడుపు నిండినవారికి ఆ మాట అనడం తేలికే. చివరికి 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు విడిపోయి, రోజుకు ఆరు షిల్లింగుల వరకు పరిహారం ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. రగ్బీ లీగ్ అలా పుట్టింది. పాత రగ్బీ యూనియన్ జీతాలను అంగీకరించడానికి సరిగ్గా నూరేళ్లు, అంటే 1995 వరకూ పట్టింది.

క్లబ్బుల యజమానులు పుణ్యాత్ములని నేననడం లేదు. వారు ఆటను మిల్లు లాగే నడిపారు. ఫుట్‌బాల్లో 1901 నుంచి వారానికి నాలుగు పౌన్లు దాటి ఇవ్వకూడదన్నారు. ఆ పరిమితి అంకె మారుతూ 1961 దాకా నిలిచింది. ఒప్పందం ముగిసినా ఆటగాణ్ని వదలకుండా పట్టి ఉంచే పద్ధతిని సవాలు చేస్తూ జార్జ్ ఈస్ట్‌హామ్ కోర్టుకెక్కి, 1963లో గెలిచాడు. అంటే అక్కడి ఆటగాళ్ల చరిత్ర చాలావరకు కార్మికుల చరిత్రే. వేలంలో పలికే కోట్లను చూసి ముక్కున వేలేసుకునేవారు, ఆటగాడికి తన శ్రమ ధరపై అసలు మాటే లేని ఆ కాలాన్ని మరిచిపోతున్నారు.

మన దగ్గర ఈ చిక్కుకు ఉద్యోగం రూపంలో ఒక విరుగుడు దొరికింది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి ఫుట్‌బాల్ పోటీ రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఉదాహరణ చాలు. కోచ్ రహీమ్ ప్రతిభకు తోడు, ఆటగాడి ఇంటికి నెలజీతం చేరుతుందన్న భరోసా కూడా ఆ విజయాల వెనుక ఉందని నా నమ్మకం. రైల్వేలు చేసిందీ అదే. కానీ ఆ ఉద్యోగం వచ్చేది పేరొచ్చాకే. అంతకుముందు, దుకాణంలోనో మేస్త్రి దగ్గరో రోజుకూలికి పనిచేసే కుర్రాడు జిల్లా జట్టుకు ఎంపికైతే, అతనికి బస్సు చార్జీలూ భోజనం ఖర్చులూ ఇచ్చి సరిపెట్టకుండా, పోయిన రోజుల కూలిని కూడా లెక్కగట్టి ఇవ్వాలి.