సవరణ: పసిపిల్లల మాడు పూడే వయసు గురించి

పుర్రె ఎముకలపై గత వారం రాసిన టపాలో, పసిబిడ్డ మాడు మూడు నెలలకే పూడుతుందని రాశాను. అది పొరపాటు. విశాఖపట్నంలోనే గాజువాకలో ఉంటున్న ఒక తల్లి ఆ వాక్యం చదివి, ఏడు నెలల తన బిడ్డ నడినెత్తి ఇంకా మెత్తగానే ఉందని కంగారుపడి నాకు రాశారు. ఆమెకు కలిగిన ఆందోళనకు మన్నింపు కోరుతున్నాను.

రెండు మూడు నెలల్లో పూడేది తల వెనుక, రెండు కుడ్య ఎముకలూ (తల పైభాగాన, పక్కల ఉండేవి) అనుకపాల ఎముకా (తల వెనుక ఉండేది) కలిసే చోట ఉండే చిన్న ముక్కోణపు ఖాళీ. మనం మాడు అని పిలిచి నూనె అద్దేది ముందుది. పుట్టినప్పుడు రెండు ముక్కలుగా ఉండే నుదుటి ఎముకకూ, కుడ్య ఎముకలకూ నడుమ డైమండు ఆకారంలో ఉండే ఈ ఖాళీ సాధారణంగా 12 నుంచి 18 నెలల మధ్య, కొందరిలో రెండేళ్లకు పూడుతుంది. కాబట్టి ఏడు నెలలకు మెత్తగా ఉండడం సహజమే. అక్కడ నాడి కొట్టుకుంటున్నట్లు కనిపించడమూ సహజమే.

అయితే విరేచనాలప్పుడు మాడు లోతుకు పోయినా, బిడ్డ ఏడవకుండా కూర్చున్నప్పుడు సైతం ఉబ్బి ఉన్నా వెంటనే వైద్యునికి చూపించాలి. ఈ మాట పాత టపాలో అసలు లేదు. పొరపాటు కంటే ఆ లోపమే నన్ను ఎక్కువ బాధించింది.

పాత టపాలో చెప్పిన, పుర్రెలో 22 ఎముకలన్న లెక్కలో మార్పు లేదు.