తలసరి ఆదాయం గారికి, మీ హారంలోని ఒక తల రాయునది

అయ్యా,

మీరు ఏటా పెరుగుతున్నారని పేపర్లో చదువుతూనే ఉన్నాం కాబట్టి క్షేమం అడగడం లేదు.

మీ లెక్కలో రాష్ట్రం మొత్తానికి మా విశాఖ జిల్లాది ముందు వరుస అంటే మొదట్లో నేనూ పొంగిపోయాను. స్టీల్ ప్లాంటు, పోర్టు, రిఫైనరీ అన్నీ కూడి జనాభాతో, అంటే మీ హారంతో, భాగిస్తే నా తలకీ వాటా వచ్చింది. హార్బరులో రొయ్యలు ఒలిచే మా పక్కింటి పిన్నికి ఈ కబురు చెప్పాను. "నా తలకీ వచ్చినాయా? ఏ బేంకులో ఏసినారేటి?" అంది.

2022 ఏప్రిల్ 4న పాడేరు, అరకు వేరే జిల్లాకి వెళ్ళిపోయాయి. ఆ పూట ఇక్కడ ఒక్కడి కూలీ పెరగలేదు, కానీ హారంలో బీద తలలు తగ్గాయి కదా, మీరు కూర్చున్నచోటే ఎత్తు పెరిగారు. పేదరికం పోవాలంటే సరిహద్దు జరిపితే చాలని మాకు తట్టనే లేదు!

మీరు పుట్టే జాతీయ ఆదాయం లెక్కని కన్నవాళ్ళలో ఒకడైన ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్సే 1934లో అమెరికా సెనేట్‌కి, జాతీయ ఆదాయం చూసి జనం బాగోగులు తేల్చలేమని రాసిచ్చాడు. కన్నవాళ్ళ మాట ఎవరు వింటారు లెండి.

2003లో రవాలియన్, చెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఇంకో దారి చూపారు. సగటు మానేసి, బీదల నుంచి ఆసాముల దాకా జనాన్ని వరసలో నిలబెట్టి, ఏ చోట ఆదాయం ఎంత శాతం పెరిగిందో గీత గీయమన్నారు. మా బీచ్ రోడ్డు అందుకే వేసినట్టుంది: హార్బరు దగ్గర పిన్నితో మొదలెడితే రుషికొండ దాకా నిలబెట్టొచ్చు. కాకపోతే ఆ చివర సర్వే మనిషిని వాచ్‌మన్ గేటు దాటనివ్వడు, అక్కడ గీత ఎప్పుడూ మసకే.

ఈ వరసలోనూ శాతాల గారడీ ఉంది. పిన్నికి నెలకి 8,000 వస్తే, 10 శాతం పెరిగి 800 కలిసిందనుకోండి. 4 లక్షల ఆసామికి పెరిగింది 9 శాతమే, అంటే 36,000. శాతంలో పిన్నిదే గెలుపు గనక ఇది పేదల పక్షపాత అభివృద్ధి అని వాదించే పండితులున్నారు. గ్యాస్ బండ ఒకటి దింపించుకునేసరికి ఆ గెలుపు కాస్తా అయిపోయింది.

ఆ గీత గీయడానికి కావాల్సిన, కేంద్రం చేసే ఇంటి ఖర్చుల సర్వే సంగతి చెప్పనే అక్కర్లేదు. 2011-12 తర్వాత మళ్ళీ లెక్కలు బయటికొచ్చింది 2022-23లో చేసినదానితోనే. మధ్యలో 2017-18లో చేసింది బాగా రాలేదని పక్కన పెట్టేశారు.

చివరగా పిన్ని ఒక మాట అడగమంది. తన తలకి వచ్చిన సొమ్ము ప్రస్తుతం ఎవరి తల మీద ఉందో చిరునామా రాస్తే, ఆదివారం తనే వెళ్ళి తెచ్చుకుంటుందట. ఆటో డబ్బులు కూడా తనే పెట్టుకుంటానంది.

ఇట్లు,
మీ హారంలో ఒక తల,
విశాఖపట్నం